పాట ముందు, దరువు వెనక

(స్త్రీలు, సాంస్కృతిక శ్రమ అనే విషయం మీద జరిగిన ఒకరోజు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నేను ఉద్యమ పాటల గురించో, సినిమా పాటల గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్నది మాత్రం 1981లో లండన్‌లో వచ్చిన ఒక గ్రామఫోను రికార్డు. పేరు 'ఆడిషేప్'. తొమ్మిది పాటలు. రెయిన్‌కోట్స్ అనే స్త్రీల బృందం చేసిన రెండో ఆల్బమ్ అది. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1979 నవంబరులో వచ్చింది. మధ్యలో గడిచింది ఏణ్ణర్ధం పైచిలుకు. ఆ కొద్ది కాలంలోనే వాళ్ళ సంగీతం ఎంత మారిపోయిందంటే, రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి వింటే ఒకే మనుషులు చేశారని నమ్మడం కష్టం. ఆ మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ ప్రసంగంలో నా ప్రశ్న.

నేను సంగీత విమర్శకురాలిని కాను. సమాజశాస్త్రం చదువుకున్నాను. ఎవరు ఏ పని చేస్తారు, ఏ పనిని నైపుణ్యం అంటారు, దేన్ని అనరు అనే విషయాల మీద పరిశోధన చేస్తూ వచ్చాను. అందుకని రికార్డింగ్ స్టూడియోను కూడా ఒక పనిచోటు లాగే చూస్తాను. రాగతాళాల సంగతి బాగా తెలిసినవాళ్ళు నా మాటల్ని సవరించవచ్చు.

ఇంగ్లీషు పాటలతో పరిచయం లేనివాళ్ళ కోసం కొంత నేపథ్యం చెప్పాలి. డెబ్భైల నడుమ బ్రిటన్‌లో పంక్ అనే సంగీత ధోరణి మొదలైంది. ఏళ్ళ తరబడి వాద్యం నేర్చుకుంటే తప్ప వేదిక ఎక్కకూడదన్న కట్టుబాటును అది ఎగతాళి చేసింది. పెద్ద కంపెనీల గుమ్మాల ముందు కాచుకొని కూర్చోకుండా చిన్న చిన్న సంస్థల ద్వారా రికార్డులు వేసుకునే పద్ధతి దానితో బలపడింది. వాటిని ఇండిపెండెంట్ అనీ, పొట్టిగా ఇండీ అనీ పిలిచారు. రఫ్ ట్రేడ్ అలాంటిదే. 1976లో జెఫ్ ట్రావిస్ అనే ఆయన పడమటి లండన్‌లో రికార్డుల దుకాణంగా మొదలుపెట్టాడు. 1978 నుంచి అదే రికార్డులు వెయ్యడం కూడా మొదలుపెట్టింది. అక్కడ పనిచేసేవాళ్ళు సహకార పద్ధతిలో నడిపేవాళ్ళు, అందరికీ ఒకే జీతం. బృందాలతో మామూలు ఒప్పందం ఏమిటంటే, ఖర్చులు పోను మిగిలింది చెరిసగం. పెద్ద కంపెనీలు కళాకారులకు ఇచ్చే వాటా దీని దరిదాపులకు కూడా వచ్చేది కాదు.

రెయిన్‌కోట్స్‌ను 1977లో మొదలుపెట్టింది ఆనా డా సిల్వా, జీనా బర్చ్. ఇద్దరూ లండన్‌లో హార్న్‌సీ ఆర్ట్ కాలేజీ విద్యార్థినులు. ఆనాది పోర్చుగల్ కింద ఉన్న మదైరా దీవి. జీనాది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. ఆ ఏడాదే స్లిట్స్ అనే ఆడపిల్లల బృందం ప్రదర్శన చూసి, ఇది నేనూ చెయ్యగలను అనుకున్నానని జీనా తర్వాత చాలా సందర్భాల్లో చెప్పింది. మొదట్లో వీళ్ళ బృందంలో మగవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. 1979 నాటికి నలుగురూ ఆడవాళ్ళే అయ్యారు. స్లిట్స్‌లో డ్రమ్స్ వాయించిన పామాలివ్ ఇటు వచ్చింది. ఆమె స్పెయిన్ దేశస్థురాలు, అసలు పేరు పాలోమా రొమేరో. ఆ పేరు నోరు తిరగని ఇంగ్లీషు సంగీతకారుడొకడు సబ్బు పేరు పెట్టి పిలిస్తే అదే స్థిరపడిపోయింది. నాలుగో మనిషి విక్కీ ఆస్పినాల్. శాస్త్రీయంగా వయొలిన్ నేర్చుకుంది, అంతకు ముందు జామ్ టుడే అనే స్త్రీవాద బృందంలో పనిచేసింది. అంటే సలాజార్ నియంతృత్వంలో పెరిగిన ఒక అమ్మాయి, ఫ్రాంకో పాలనలో పెరిగిన మరో అమ్మాయి, ఇద్దరు ఇంగ్లీషు అమ్మాయిలు.

వీళ్ళకు సాధన చేసుకునే తీరిక ఎక్కడిది? చోటెక్కడిది? కళ గురించి మాట్లాడేటప్పుడు మనం తరచు వదిలేసే ప్రశ్న ఇది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో కాలేజీ విద్యార్థుల ఫీజు ప్రభుత్వం కట్టేది. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి బతకడానికి గ్రాంటు కూడా ఇచ్చేది. లండన్‌లో ఖాళీగా పడి ఉన్న ఇళ్ళు వేలల్లో ఉండేవి. యువతీ యువకులు వాటిలో చేరి అద్దె లేకుండా కాపురం ఉండేవాళ్ళు. రెయిన్‌కోట్స్ పాటలు పుట్టింది అలాంటి ఇళ్ళలో, నేలమాళిగల్లో. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన సొంత గది, కొద్దిపాటి రాబడి ఈ ఆడపిల్లలకు కొన్నేళ్ళపాటు ఇలా దొరికాయి. ఆ గ్రాంట్లు తొంభైల చివరికి రద్దయ్యాయి. 2012 నుంచి ఇంగ్లండులో ఖాళీ ఇంట్లో అలా చేరి ఉండడం నేరం. బ్రిటన్‌లో సంగీత బృందాల్లోని స్త్రీల మీద మేవిస్ బేటన్ అనే సమాజశాస్త్రవేత్త 1998లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె స్వయంగా ఒక స్త్రీల బృందంలో వాయించిన మనిషి. ఆడవాళ్ళను వెనక్కి లాగేవి ఏమిటని వెతికితే ఆమెకు కనిపించినవి డబ్బు, చోటు, రాత్రిపూట ఇంటికి చేరే బండి, వాద్యాల దుకాణంలో మగపిల్లల వెకిలి చూపులు. ప్రతిభ కొరత అందులో లేదు.

ఇక మొదటి ఆల్బమ్. గిటారు, బేస్, గీకుతున్నట్టుండే వయొలిన్, వాటి కింద పామాలివ్ డ్రమ్స్. నలుగురూ ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు, ఒక్కోసారి పరుగెత్తి, ఒక్కోసారి ఆగి చూసుకుంటున్నట్టు వాయిస్తారు. గొంతులు కలిసి అరుస్తాయి. అందులో 'ఆఫ్ డ్యూటీ ట్రిప్' అనే పాట ఉంది. సెలవు మీద ఉన్న సైనికుడు ఒక స్త్రీ మీద చేసిన లైంగిక దాడి, దాన్ని కోర్టు తేలిగ్గా తీసుకోవడం ఆ పాట విషయం. 1977లో బ్రిటన్‌లో సరిగ్గా అలాంటి కేసే జరిగింది. పదిహేడేళ్ళ అమ్మాయిని తీవ్రంగా గాయపరిచిన సైనికుడికి కింది కోర్టు వేసిన జైలుశిక్షను అప్పీలు కోర్టు తగ్గించి విడిచిపెట్టింది. అతని సైనిక జీవితం పాడైపోతుందన్నది న్యాయమూర్తులకు తోచిన కారణాల్లో ఒకటి. ఆ దేశంలో స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ఈ సంవత్సరాలు మనకు బాగా గుర్తుండేవే. హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసుల అత్యాచారం 1978 మార్చిలో. మథుర కేసులో పోలీసులను విడుదల చేస్తూ సుప్రీంకోర్టు తీర్పు అదే ఏడాది సెప్టెంబరులో. ఆ తీర్పు మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాసింది 1979లో, ఈ పాటతో ఆల్బమ్ వచ్చిన ఏడాదే.

కాబట్టి మొదటి ఆల్బమ్ మనకు వెంటనే అర్థమవుతుంది. అందులో మన కోపం ఉంది, మన కోర్టులున్నాయి. చిక్కంతా రెండోదానితోనే.

ఆల్బమ్ పూర్తయ్యాక, 1979లోనే, పామాలివ్ బృందాన్ని వదిలేసింది. వదిలి భారతదేశానికి వచ్చింది. ఆ కాలపు యూరపు యువతలో చాలామందికి ఈ దారి పాతదే. ఆమె అన్వేషణ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఆమె వెళ్ళిపోవడంతో లండన్‌లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. ముగ్గురు మిగిలారు, డ్రమ్స్ లేవు. ఇంగ్రిడ్ వైస్ అనే అమ్మాయి కొంతకాలం వాయించింది గాని, రెండో ఆల్బమ్ పాటల్లో చాలా భాగం డ్రమ్స్ వాయించే మనిషి గదిలో లేకుండానే తయారయ్యాయి.

ఇది ఎంత పెద్ద మార్పో మనకు వెంటనే తట్టకపోవచ్చు. మన కచేరీలో మృదంగం పాట వెంట నడుస్తుంది, పాటతో మాట్లాడుతుంది, తన వంతు వచ్చినప్పుడు తనియావర్తనం వాయిస్తుంది. (కొందరు పెద్ద విద్వాంసులు ఆడవాళ్ళ కచేరీకి మృదంగం వాయించడం పరువు తక్కువ అనుకున్న రోజులు కూడా మనకు ఉన్నాయి, అది వేరే కథ.) రాక్ సంగీతంలో డ్రమ్స్‌ది ఫ్యాక్టరీ గోడ మీద గడియారం పని. అది ముందు మొదలవుతుంది. బేస్ దాన్ని పట్టుకుంటుంది, గిటారు బేస్‌ను పట్టుకుంటుంది, పాడే మనిషి వీటన్నిటి మీదా నిలబడుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, వాక్యం ఎక్కడ ముగియాలో గడియారమే చెప్తుంది. పాట పాడేది ఆడమనిషి అయినా గడియారం తిప్పేది సాధారణంగా మగవాడు.

ఇప్పుడు గడియారం లేదు. మరి ఏం చేశారు? పాట ఎలా నడవాలో ముగ్గురూ ఒకరినొకరు వింటూ తేల్చుకోవలసి వచ్చింది. ఒక మాట చెప్పడానికి ఎంతసేపు పడితే అంతసేపు తీసుకున్నారు. పాట మధ్యలో నడక మందగిస్తుంది, తర్వాత మళ్ళీ అందుకుంటుంది. వయొలిన్ గీకడం తగ్గి పొడుగాటి గీతలు గీస్తుంది. బేస్ కింద బరువు మొయ్యడం మానేసి తనూ ఒక పాట పాడుకుంటుంది. వాద్యాలు చేతులు మార్చుకున్నారు. ఒక పాటలో గిటారు పట్టినామె ఇంకో పాటలో బేస్ పట్టింది. బొటనవేళ్ళతో మీటే కలింబా, కొయ్యపలకల మీద కొట్టే బాలఫోన్ వచ్చి చేరాయి. నిశ్శబ్దానికి చాలా చోటు దొరికింది. మొదటి పాట పేరు 'షౌటింగ్ అవుట్ లౌడ్', అంటే గట్టిగా అరవడం. అరుపుల బృందం అనిపించుకున్నవాళ్ళు ఆ పేరు పెట్టుకున్న పాటను ఎంత అణిచిపెట్టి పాడారో వింటే ఆశ్చర్యం కలుగుతుంది.

పాటల రూపం తేలాక వాటికి డ్రమ్స్ చేర్చారు. వాయించినవాళ్ళలో మగవాళ్ళున్నారు. దిస్ హీట్ బృందానికి చెందిన చార్లెస్ హేవర్డ్, రిచర్డ్ డుడాన్‌స్కీ, రాబర్ట్ వయట్. చివరాయన సంగతి చెప్పుకోవాలి. 1973లో కిటికీలోంచి పడి నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. అప్పటినుంచి చక్రాల కుర్చీలోనే. కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము, పెడల్ తాళాలు ఆయనకు సాధ్యం కావు, చేతులతో మాత్రమే వాయించాలి. అంటే గడియారంలోని ముఖ్యమైన చక్రం ఆయన దగ్గర లేదు. అలాంటి మనిషి ఈ పాటలకు సరిగ్గా కుదిరాడు. ఈ రికార్డులో దరువు ఇంటికి వచ్చిన అతిథిలా వస్తుంది. ఉన్నంతసేపు ఉంటుంది, చెప్పకుండా వెళ్ళిపోతుంది, మళ్ళీ పాట చివర గుమ్మంలో కనిపిస్తుంది.

ఈ మార్పు గురించి స్త్రీవాదుల్లో రెండు రకాల వ్యాఖ్యలు వినిపిస్తుంటాయి. రెండిటితోనూ నాకు పేచీ ఉంది.

ఒకటి: ఇది సహజమైన స్త్రీ లయ, ఆడ శరీరపు సంగీతం అనడం. హెలెన్ సిక్సూ 1975లో స్త్రీ రచన గురించి రాసిన వ్యాసం తర్వాత ఇలా మాట్లాడడం ఒక అలవాటయింది. ఆడవాళ్ళ సంగీతం అలలా ఉంటుంది, మగవాళ్ళది సుత్తిలా ఉంటుంది అంటారు. వినడానికి బాగుంటుంది. మరి మొదటి ఆల్బమ్‌లో ఉన్నవి ఆడ శరీరాలు కావా? ఇంకా తిరకాసు ఏమిటంటే, సుత్తి లాంటి మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించింది ఆడది, అల లాంటి రెండోదానిలో వాయించినవాళ్ళలో ముగ్గురు మగవాళ్ళు. శరీరంతో దీన్ని వివరించలేం. మారింది పని వరస. మొదటిసారి డ్రమ్స్ మొదటినుంచీ గదిలో ఉన్నాయి, రెండోసారి చివర వచ్చాయి. ముందు వచ్చినవాళ్ళు హద్దులు గీస్తారు, వెనక వచ్చినవాళ్ళు ఆ హద్దుల్లో సర్దుకుంటారు. పొలంలోనైనా ఆఫీసులోనైనా ఇదే కదా చూస్తున్నాం. వేళ ఎవరు నిర్ణయిస్తారన్నది పనిచోట అధికారానికి గుర్తు. చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ 1967లో గడియారం గురించీ ఫ్యాక్టరీ క్రమశిక్షణ గురించీ రాసిన వ్యాసంలో ఒక మాట ప్రస్తావిస్తాడు. ఫ్యాక్టరీ కాలం వచ్చాక కూడా ఇంట్లో చంటిపిల్లల తల్లి కాలం గడియారానికి లొంగలేదని, పనిని బట్టే సాగిందని. తిరగలి పాటకు, దంపుళ్ళ పాటకు వేరే వాద్యం ఎవరూ వాయించరు. విసురుతున్న చెయ్యే, పడుతున్న రోకలే దరువు. ఆ పాటలో వేగం ఆడవాళ్ళ జన్యువుల్లోంచి రాలేదు, చేతిలో ఉన్న పనిలోంచి వచ్చింది.

రెండో వ్యాఖ్య ఇంకా కఠినమైంది. 'ఆఫ్ డ్యూటీ ట్రిప్' పాడిన బృందం రెండో ఆల్బమ్‌కు వచ్చేసరికి కోర్టులనూ వీధులనూ వదిలేసి తన గదిలో తలుపేసుకుంది, ఇది రాజకీయాల నుంచి వెనక్కి తగ్గడం అని. ఈ మాటను నేను తేలిగ్గా కొట్టెయ్యను. ఆడిషేప్ పాటలు ఊరేగింపులో పాడలేం. పదిమంది కలిసి అందుకోలేరు. అది నష్టమే. కాని టైటిల్ పాట దేని గురించో చూడండి. ఇంగ్లీషులో శరీరాకృతి అన్న అర్థం వచ్చే బాడీషేప్ అనే మాటలో మొదటి అక్షరం ఎగరగొడితే మిగిలేది ఆడిషేప్. పేరులోనే శరీరం కొంచెం తెగి ఉంది. చుట్టూ ఉన్న బొమ్మలతో తన ఒళ్ళును సరిపోల్చుకుంటూ, ఎక్కడా సరిపోని మనిషి ఆ పాటలో ఉంది. అందాల పోటీల మీద ధర్నా చెయ్యడానికి నినాదం చాలు, చేశాం కూడా. అద్దం ముందు నిలబడి ఒక్కతే పడే యాతనకు నినాదం అందదు. దాన్ని మొదటి ఆల్బమ్ దరువు మీద పాడి ఉంటే అది ఇంకో ఆవేశపు పాట అయ్యేది. తడబడుతూ, మధ్యలో ఆగుతూ, తన మాటను తానే అనుమానిస్తూ నడిచే ఈ కొత్త నడకలోనే ఆ యాతన వినిపిస్తుంది. చెప్పవలసింది మారినప్పుడు చెప్పే తీరు మారడాన్ని వెనకడుగు అనలేను.

ఇక్కడ నైపుణ్యం సంగతికి వస్తాను. నా అసలు గొడవ ఇదే. ఈ బృందం గురించి మొదటినుంచీ వినిపించిన మాట, వీళ్ళకు వాయించడం రాదు అన్నది. హోటల్లో సర్వరు పళ్ళెం జారవిడిచినప్పుడల్లా లేచి నాట్యం చెయ్యాలి కాబోలు అని ఒక సంగీత వారపత్రికలో వెటకారం చేశారు. పంక్‌లో మగపిల్లలు వాద్యం రాకుండా వాయిస్తే తిరుగుబాటు అన్నారు. ఆడపిల్లలు అదే చేస్తే చేతకానితనం అన్నారు. రెండో ఆల్బమ్‌లో తాళం నిలకడగా లేకపోవడానికి కూడా ఇదే కారణమనుకున్నవాళ్ళున్నారు. శాస్త్రీయ శిక్షణ ఉన్న వయొలిన్ కళాకారిణి బృందంలో ఉండగా!

1980లో, అంటే ఈ పాటలు తయారవుతున్న రోజుల్లోనే, ఆన్ ఫిలిప్స్, బార్బరా టేలర్ 'ఫెమినిస్ట్ రివ్యూ'లో నైపుణ్యం గురించి ఒక వ్యాసం రాశారు. బ్రిటన్‌లో కాగితపు పెట్టెల పరిశ్రమ ఉదాహరణ ఇచ్చారు. చేత్తో అందించే యంత్రాల మీద ఆడవాళ్ళు చేసే పనికి నైపుణ్యం లేనిదని పేరు. అంతకంటె తక్కువ ఏకాగ్రత చాలిన ఆటోమేటిక్ యంత్రాల మీద పనిచేసే మగవాళ్ళది కొంత నైపుణ్యం ఉన్న పని. తేడా పనిలో లేదు, చేసే మనిషిలో ఉంది. ఆడవాళ్ళు చేస్తున్నారు కాబట్టే ఆ పని నైపుణ్యం లేనిదయింది. దీనికి మనం లండన్ దాకా పోనక్కరలేదు. రోజంతా వంగి సమానమైన దూరంలో, సమానమైన లోతులో నాట్లు వేసే చేతుల్ని నైపుణ్యం లేని కూలి అనే రాస్తారు. ఆడిషేప్‌లో ముగ్గురు స్త్రీలు గడియారం సాయం లేకుండా ఒకరి ఊపిరిని ఒకరు కనిపెట్టుకుంటూ ఒకేసారి ఆగి, ఒకేసారి కదులుతారు. వినడానికి వదులుగా ఉంటుంది. అలా వాయించాలంటే ఎంత జాగ్రత్తగా వినాలో ప్రయత్నించి చూసినవాళ్ళకు తెలుస్తుంది. వినడం అనే పనికి నైపుణ్యాల పట్టికలో గడి లేదు. బిడ్డ ఏడుపు వినడం, అత్తగారి అడుగుల చప్పుడు వినడం లాంటి పనులకు లేనట్టే.

పొగిడిందంతా పొగిడాక ఒక అసౌకర్యం కూడా చెప్పాలి. కలింబా, బాలఫోన్ ఆఫ్రికా వాద్యాలు. పడమటి లండన్‌లో కరీబియన్ జనం మధ్య బతుకుతూ, రెగె వింటూ పెరిగిన పంక్ తరానికి నల్లవాళ్ళ సంగీతంతో నిజమైన స్నేహం ఉంది, కాదనను. కాని 1981 ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్ వీధుల్లో నల్లజాతి యువకులు పోలీసులతో తలపడ్డారు. జూన్‌లో ఈ రికార్డు వచ్చింది. మరుసటి ఏడాది హేజెల్ కార్బీ తెల్ల స్త్రీవాదులను ఉద్దేశించి, మా మాట వినండి అంటూ గట్టి వ్యాసం రాసింది. ఆ చప్పుళ్ళు ఈ పాటల్లోకి వచ్చాయి గాని ఆ మనుషులు రాలేదు. ఒక వాద్యాన్ని దాని కులం నుంచి, దాని ఊరి నుంచి విడదీసి తెచ్చుకుంటే ఏమవుతుందో డప్పు చరిత్ర తెలిసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈ లోటుతో సహా నాకు ఈ రికార్డు ఇష్టం.

డప్పు మాట వచ్చింది కాబట్టి మన సంగతి కూడా అడుగుతాను. మన సాంస్కృతిక బృందాల్లో చాలా ఏళ్ళపాటు పాడేది ఆడవాళ్ళు, వాయించేది మగవాళ్ళు. వాయించే అన్న రాకపోతే రిహార్సల్ ఆగేది. ఈ మధ్య కాలంలో ఆడవాళ్ళే డప్పు పట్టి దళాలుగా వస్తున్నారు, అది పెద్ద సంగతి. అయినా పాట ఎలా కడుతున్నాం? ముందు జనానికి తెలిసిన దరువు, తర్వాత దానిలో ఇమిడే మాటలు. ఇమడని మాటల్ని పక్కన పెడుతున్నాం. పెళ్ళిలో బలవంతం గురించి, గర్భసంచి తీయించుకున్నాక వచ్చే దిగులు గురించి, ఇష్టంలేని స్పర్శ గురించి మన దగ్గర కవిత్వం వచ్చినంతగా పాట ఎందుకు రాలేదో ఈ వైపు నుంచి కూడా ఆలోచించవచ్చు. మన పాటగత్తె ఎవరైనా ఊరేగింపు దరువు వదిలి ఇంకో రకంగా పాడితే, ఉద్యమం నుంచి జారిపోయిందని మొదట అనేది మనమే.

తర్వాతి కథ క్లుప్తంగా చెప్తాను. మూడో ఆల్బమ్ 'మూవింగ్' 1984లో వచ్చింది. అందులో దరువు మళ్ళీ ముందుకొచ్చింది, కాళ్ళు కదిలించే పాటలున్నాయి. నాకు అది అంతగా పట్టలేదు. ఆ ఏడాదే బృందం విడిపోయింది. 1991లో రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ దివాలా తీసింది. చెరిసగం ఒప్పందాలు ఎంత గొప్పవైనా, సంస్థ మునిగితే రికార్డులు దుకాణాల్లో ఉండవు. 1992లో నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ తన దగ్గర అరిగిపోయిన మొదటి ఆల్బమ్‌కు మరో ప్రతి వెతుక్కుంటూ లండన్ వచ్చాడు. ఆనా ఒక పాతవస్తువుల దుకాణంలో పనిచేస్తోందని తెలిసి వెళ్ళి కలిశాడు. ఆ సంగతి తన బృందం ఆల్బమ్‌లో రాశాడు. దాంతో 1993లో అతని కంపెనీయే వీళ్ళ మూడు ఆల్బమ్‌లూ మళ్ళీ వేసింది. ఆడిషేప్‌కు ముందుమాట సోనిక్ యూత్‌లో పాడి, బేస్ వాయించే కిమ్ గార్డన్ రాసింది. 1994లో నిర్వాణాతో కలిసి బ్రిటన్‌లో ప్రదర్శనలు ఇవ్వవలసి ఉండగా ఏప్రిల్‌లో కొబేన్ చనిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ వింటున్న రికార్డు ఒక ప్రసిద్ధుడైన మగవాడు మెచ్చుకున్నాక గాని అంగట్లోకి రాలేదు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. అతను చేసింది మంచి పనే. ఫిర్యాదంతా అంగడి మీద.

1996లో వాళ్ళు ఇంకో ఆల్బమ్ చేశారు. తర్వాత వియ్ త్రీ అని సొంత సంస్థ పెట్టుకొని మొదటి రెండు ఆల్బమ్‌లనూ తామే తిరిగి తెచ్చారు. ఇప్పుడు ఎవరి దయా అక్కరలేకుండా దొరుకుతున్నాయి. జీనా బర్చ్ 2023లో, అరవై దాటిన వయసులో, తన మొదటి సొంత ఆల్బమ్ విడుదల చేసింది. అదే ఏడాది లండన్‌లోని టేట్ బ్రిటన్ మ్యూజియంలో 1970-90 మధ్య బ్రిటన్ స్త్రీల కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. దాని గోడపత్రిక మీద వేసిన బొమ్మ 1977లో విద్యార్థినిగా జీనా తీసిన చిన్న ఫిల్ములోది. మూడు నిమిషాలపాటు ఆమె కెమెరాలోకి అరుస్తూ ఉంటుంది. మ్యూజియంవాళ్ళు ఎంచుకున్నది ఆ అరుపును. అరుపు బొమ్మగా బాగా పడుతుంది, ఆడిషేప్ లాంటి రికార్డును గోడ మీద వెయ్యడం కష్టం.

టైటిల్ పాట వెంట తెచ్చాను. ఇప్పుడు వినిపిస్తాను. మాటలు సగం అర్థం కాకపోవచ్చు, వాళ్ళ ఉచ్చారణ అలాంటిది. ఎవరికైనా చెయ్యి తాళం వెయ్యాలనిపిస్తే వెయ్యండి. ఎక్కడ తప్పిపోయారో గుర్తుపెట్టుకుంటే, పాట అయిపోయాక అక్కడినుంచి మాట్లాడుకోవచ్చు.